దొరకని ఒక నెల

ఈ వేసవిలో మా అక్క కూతురు కర్నూలులో మా ఇంట్లో నలభై రోజులు ఉంది. పదో తరగతిలో అడుగుపెట్టబోతున్న పిల్ల కనుక మా అక్క లెక్కల పుస్తకాలు, సైన్సు పుస్తకాలు ఒక సంచిలో సర్ది మరీ పంపింది. ఆ సంచి వచ్చిన రోజు మధ్యగది గోడకు ఎలా చేరగిలబడి ఉందో, తిరుగు బస్సు ఎక్కే రోజు వరకు అలాగే ఉండిపోయింది. పిల్ల తనంతట తాను తెచ్చుకున్నది రెండో సంచి. అందులో ఇంగ్లీషులో ఏడు సంపుటాలు ఉన్నాయి. ఒక్కొక్కటి తలగడగా పెట్టుకోవడానికి సరిపోయేంత మందం. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు ఇల్లు విడిచి వెళ్ళడం, మంత్రవిద్య నేర్చుకోవడం, వాళ్ళ చేతుల మీదుగా రాజ్యాలు కూలడమో నిలబడడమో జరగడం ఆ కథ. బయట నలభై మూడు డిగ్రీల ఎండ కాస్తుంటే, కూలర్ ముందు బోర్లా పడుకొని, అన్నానికి మూడుసార్లు పిలిస్తే గాని లేవకుండా, ఆమె ఆ ఏడింటినీ ఇరవై మూడు రోజుల్లో ముగించి, మరునాడే మళ్ళీ మొదటి సంపుటం తెరిచింది.

రెండోసారి తెరవడం చూశాక ఉండబట్టలేక, అందులో అంతగా ఏముందని అడిగాను. డ్రాగన్ల గురించో యుద్ధాల గురించో చెబుతుందనుకున్నాను. ఆమె కొంతసేపు ఆలోచించి, "పెద్దోళ్ళు ఎప్పుడూ సగమే చెప్తారు మామా. మిగతా సగం ఆ పిల్లోళ్ళే పోయి తెలుసుకోవాల. నాకు అది బాగుంటాది," అన్నది.

ఈ రకం కథల మీద పిల్లలకు ఎందుకింత మోజు అన్న ప్రశ్నకు నేను అంతవరకు విన్న జవాబులు రెండే. ఒకటి, పిల్లలు నిజజీవితం నుంచి తప్పించుకోవడానికి ఇవి చదువుతారన్నది. ఇది తల్లిదండ్రులు కోపంగా చెప్పే మాట. రెండోది, వీటివల్ల ఊహాశక్తి పెరుగుతుందన్నది. ఇది అధ్యాపకులు సభల్లో టానిక్కు సీసా మీది చీటీ చదివినట్లు చెప్పే మాట. జూనియర్ కళాశాలలో చరిత్ర పాఠం చెప్పుకునే నేను కూడా ఈ రెండో మాటను వేదికల మీద చెప్పినవాణ్ణే. మేనకోడలు చెప్పిన జవాబు ఆ రెండింటిలోనూ లేదు. ఆమె నిద్రపోయిన తరువాత మొదటి సంపుటం తీసి, యాభై దాటిన కళ్ళతో, దీపం కింద చదవడం మొదలుపెట్టాను. ఆమె వెళ్ళేలోగా మూడు పూర్తయ్యాయి. ఆమె అన్నది నిజమే.

పన్నెండేళ్ళకు, పద్దెనిమిదేళ్ళకు నడుమనున్న వయసుకు పడమటి దేశాల గ్రంథాలయాల్లో ప్రత్యేకమైన అరలు ఉంటాయి. అమెరికా గ్రంథాలయ సంఘం 1957లోనే ఆ వయసు పాఠకుల కోసం ఒక విభాగం ఏర్పాటు చేసుకుంది. వాళ్ళు ఆ వయసును 'యంగ్ అడల్ట్' అంటారు. మన సంస్కృతంలో కైశోరం అనే చక్కని మాట ఉన్నది గాని అది నిఘంటువు దాటి రాలేదు. మన ఇళ్ళలో ఆ వయసు పిల్లలను 'టెన్తు పిల్ల', 'ఇంటర్ పిల్లోడు' అంటాం. అంటే వయసుకు పేరు లేక, ఆ ఏడాది రాయవలసిన పరీక్ష పేరుతో పిలుస్తాం. బరువు మోయవలసి వచ్చినప్పుడు ఆ పిల్లవాడు పెద్దవాడు. సంగతి తెలుసుకోవలసి వచ్చినప్పుడు చిన్నవాడు. గ్యాసు సిలిండరు భుజాన మోసుకొని మేడ మీదికి తెచ్చేది అతడే. పెద్దలు గదిలో తలుపు దగ్గరగా వేసుకొని మాట్లాడుకునేటప్పుడు బయటికి పంపబడేదీ అతడే. సుదీర్ఘ సాహసగాథలు రాసేవాళ్ళు పట్టుకున్నది సరిగ్గా ఈ తలుపునే అని నాకు అనిపిస్తుంది. తలుపు అవతల పెద్దలు ఏదో మాట్లాడుకుంటున్నారు. అది తన గురించే.

అమెరికా రచయిత్రి అర్సులా లెగ్విన్ 1968లో తన ఎర్త్‌సీ మాంత్రిక కథల్లో మొదటి నవల వెలువరించారు. పెద్దపిల్లల కోసం ఏదైనా రాయమని ఒక ప్రచురణకర్త అడిగినప్పుడు, కథల్లోని మాంత్రికులంతా తెల్లగడ్డపు ముసలివాళ్ళే కదా, వాళ్ళు కుర్రవాళ్ళుగా ఉన్నప్పుడు ఎలా ఉండేవారు, ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నారు అన్న ఆలోచన నుంచి ఆ నవల పుట్టిందని ఆమె చెప్పుకున్నారు. ఇంత చిన్న ప్రశ్న అంతకుముందు ఎక్కువమందికి తోచకపోవడమే వింత. ముసలి మాంత్రికుడి చేతిలో విద్య ఒక ఆయుధం మాత్రమే. పదిహేనేళ్ళ వాడి చేతిలో అదే విద్య పొగరు, సిగ్గు, పోటీ, పశ్చాత్తాపం. ఆ నవలలో కుర్రవాడు గొప్పకు పోయి తానే ఒక నీడను లోకంలోకి వదులుతాడు, ఆ తరువాత అది అతణ్ణి తరుముతుంది. దాని అసలు పేరు తెలుసుకునేదాకా అతనికి విడుదల లేదు. ఆ పేరేమిటో ఇక్కడ రాస్తే మా మేనకోడలు నన్ను క్షమించదు.

నా సంగతికి వస్తాను. 1987లో నాకు పదమూడేళ్ళు. మాది పత్తికొండ దగ్గర ఒక పల్లె. మా వీధిలో పదవీ విరమణ చేసిన అయ్యవారు ఒకరు ఉండేవారు. ఆయన చందమామ సంచికల్లోంచి ప్రతి నెలా సీరియల్ పుటలను జాగ్రత్తగా విడదీసి, దబ్బనంతో రంధ్రాలు పొడిచి, గోనెసంచి పురికొసతో కుట్టి, అట్ట వేసి దాచుకునేవారు. చందమామను 1947 జూలైలో చక్రపాణితో కలిసి ప్రారంభించిన నాగిరెడ్డిగారు కడప జిల్లా పొట్టిపాడు వారన్న విషయం చెప్పకుండా ఆయన ఎవరికీ ఆ పుస్తకం చేతికిచ్చేవారు కాదు. 'మన సీమ మనిషి' అన్న మాట ముందు, పుస్తకం తరువాత. ఆ సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు నాకు అప్పట్లో తెలియదు. ఆయన మొదటి సీరియల్ తోకచుక్క మొదలైనది 1954లో. ఇంగ్లండులో టోల్కీన్ మహాగాథ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి భాగం అచ్చయినదీ అదే ఏడాది. ఈ రెండింటికీ సంబంధం ఏమీ లేదు, అయినా నాకు ఆ సంవత్సరం అంటే ఒక ఇష్టం.

అయ్యవారు కుట్టిన ఒక సీరియల్‌లో ఒక నెల లేదు. ఆ నెల తపాలా రాలేదో, ఎవరు చదవడానికి తీసుకుపోయి ఇవ్వలేదో ఆయనకే తెలియదు. ముందు నెల ఆఖరి పేరాలో ఒక వృద్ధుడు కుర్రవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకొని, అంతకాలం దాచిన సంగతి చెప్పడానికి నోరు తెరుస్తాడు. తరువాత దొరికిన నెలలో అందరికీ ఆ సంగతి తెలిసిపోయే ఉంటుంది. గుర్రాలు ఎక్కి బయలుదేరి ఉంటారు. నడుమ ఏం చెప్పాడు? ఆ సీరియల్ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ నెలలో ఏముందో ఎవరో ఒకరు పుణ్యం కట్టుకొని నాకు చెప్పేస్తారు.

సరిగ్గా ఆ ఏడాదే మా ఇంట్లో కూడా ఒక నెల దొరకకుండా పోయింది. శెనక్కాయ చేనులో బోరు వేయించడానికి ఒక రాత్రి రిగ్గు లారీ వచ్చింది. దాని చప్పుడు ఊరంతా తెల్లవార్లూ విన్నది. పొద్దున మా నాయన ఇంటికి వచ్చినప్పుడు తల వెంట్రుకల నిండా, కనురెప్పల మీద కూడా, రాతిపిండి తెల్లగా ఉంది. నీళ్ళు పడి ఉంటే బురదతో వచ్చేవాడు. కాళ్ళు కడుక్కొని, ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. వారం తరువాత అమ్మ మెడలో గొలుసు లేదు, పసుపుతాడు ఉంది. అడిగితే పాలిష్‌కు ఇచ్చినామన్నారు. ఆదోని మండీ నుంచి ఒకాయన రెండుసార్లు వచ్చి అరుగు మీద కూర్చొని వెళ్ళాడు. ఆయన వచ్చినప్పుడల్లా నన్ను అంగడికి పంపారు. "ఏమైంది నాయనా?" అని ఒకసారి అడిగాను. "నీకెందుకురా? పోయి సదువుకో పో," అన్నాడు. నేను పోయి చదువుకున్నాను. చదివింది ఆ సీరియలే. ఆ వృద్ధుడు నోరు తెరిచే పుట దగ్గర ఆగి, ఆ రాత్రి అతడు చెప్పబోయేది అమ్మ గొలుసు సంగతే అయినట్లు, ఎంతసేపు కూర్చున్నానో నాకు ఇప్పటికీ గుర్తు.

ఇది కథల్లోకి పారిపోవడం ఎలా అవుతుంది? మా ఇంట్లో ఎవరూ మాట్లాడని విషయాన్ని మాట్లాడేది ఆ పురికొస కుట్టిన పుస్తకం ఒక్కటే.

పెద్దలు చెప్పడం అన్న విషయంలో మన వాఙ్మయంలోనే ఒక నమూనా ఉంది, దానికి నేను చాలా ఆలస్యంగా విలువ కట్టాను. విశ్వామిత్రుడు వచ్చి యాగరక్షణకు రాముణ్ణి పంపమని అడిగితే, దశరథుడు 'ఊనషోడశవర్షో మే రామో రాజీవలోచనః' అంటాడు, నా రాముడికి ఇంకా పదహారేళ్ళు నిండలేదని. తండ్రికి పిల్లవాడు, ఋషికి యోధుడు. ఆ వయసు తగాదా అప్పటినుంచీ ఉన్నదే. బాలకాండలో నాకు ఇష్టమైన భాగం తాటక వధ కాదు, అక్కడికి చేరే నడక. ఈ ఆశ్రమం ఎవరిదని రాముడు అడుగుతాడు, ఋషి చెబుతాడు. పడవలో గంగ దాటుతుండగా నీళ్ళలో ఆ హోరు ఏమిటని అడుగుతాడు. మానస సరస్సు నుంచి వచ్చిన సరయువు గంగలో కలుస్తున్న చప్పుడని చెబుతాడు. ఈ భయంకరమైన అడవి ఏమిటని అడిగితే, ఒకప్పుడు అక్కడ ఉన్న జనపదాల దగ్గర మొదలుపెట్టి తాటక దాకా మొత్తం చరిత్ర చెప్పి, ఆ తరువాతే విల్లు ఎక్కుపెట్టమంటాడు. మిథిల దారిలో అయితే, కథలు చెబుతుండగానే సగం రాత్రి గడిచిపోయింది, ఇక పడుకోమని ఆయనే అనవలసి వస్తుంది. బలా అతిబల విద్యలకంటే, దివ్యాస్త్రాలకంటే, అడిగిన ప్రతి ప్రశ్నకూ పూర్తి జవాబు దొరకడమే ఆ ప్రయాణంలో రాముడికి దక్కిన పెద్ద వరం అని నా నమ్మకం.

ఈ కాలపు సాహసగాథల్లో ఋషి ఇలా ఉండడు. సగం చెబుతాడు. హ్యారీ పాటర్ మొదటి పుస్తకం 1997 జూన్ 26న వచ్చింది. దాని చివర, పదకొండేళ్ళ పిల్లవాడు ఆసుపత్రి మంచం మీద పడుకొని, ఆ దుర్మార్గుడు నన్నే ఎందుకు చంపాలనుకున్నాడని ప్రధానాచార్యుణ్ణి అడుగుతాడు. ఆ ఒక్కటి ఈరోజు చెప్పలేనంటాడు ఆయన. జవాబు అయిదో పుస్తకం చివర వస్తుంది. అది అచ్చయినది 2003 జూన్‌లో. అంటే, పుస్తకాలు వెలువడుతున్న కొద్దీ చదువుతూ వచ్చిన పాఠకుడు ఆ జవాబు కోసం ఆరేళ్ళు ఎదురుచూశాడు. పదకొండేళ్ళ వయసులో విన్న ప్రశ్నకు పదిహేడో ఏట జవాబు విన్నాడు. ఆ జవాబు చెప్పేటప్పుడు ప్రధానాచార్యుడు తన తప్పు ఒప్పుకుంటాడు: నీమీది ప్రేమతో, నువ్వు కొంతకాలం సంతోషంగా ఉండాలనుకొని చెప్పలేదు, చెప్పి ఉండవలసింది అంటాడు. పిల్లవాడు అప్పటికే ఆ గదిలోని సామాను పగలగొట్టి ఉంటాడు. ప్రపంచమంతటా ఉన్న పదిహేడేళ్ళ వాళ్ళకు ఆ చిత్రం తమ ఇంటి చిత్రంలాగే కనిపించి ఉంటుందని నేను అనుకుంటాను, కాకపోతే మన ఇళ్ళలో సామాను పగలగొట్టడం కుదరదు, పెద్దలు తప్పు ఒప్పుకోవడం అంతకన్నా కుదరదు.

ఈ కథలకు ఏడు సంపుటాలు, అయిదు సంపుటాలు ఎందుకు, ఒక్క పుస్తకంలో చెప్పలేరా అని అడిగే స్నేహితులు నాకు ఉన్నారు. వ్యాపారం కోసం సాగదీసేవాళ్ళు లేరని కాదు. వాళ్ళ సంగతి తరువాత చెబుతాను. కాని మౌనానికి పొడవు కావాలి. ఇరవయ్యో పుటలో దాచి ఇరవై ఐదో పుటలో చెప్పిన రహస్యం పొడుపుకథ అవుతుంది. ఆరేళ్ళు దాచినది మాత్రమే ఇంటి రహస్యమంత బరువెక్కుతుంది. పైగా అన్ని పుటల దారిలో, మొదట్లో ఎవరో ఊరికే అన్న మాట, ఒక బొత్తాము, ఒక మచ్చ, ఎప్పుడో నాలుగో సంపుటంలో అర్థం మార్చుకొని తిరిగి వస్తుంది. మా నంద్యాల ప్రభువు కృష్ణమరాజుకు అంకితమైన పింగళి సూరన కళాపూర్ణోదయం పదహారో శతాబ్దంలో చేసిన పని ఇటువంటిదే. ముందు వేసిన ముడి ఏమిటో వెనుక వచ్చే ఆశ్వాసాల్లో గాని తెలియదు. సూరన పాఠకుడు ఎంత ఓపిక పట్టాలో మా మేనకోడలికి తెలుసు, కాని ఆమెకు సూరన తెలియడు. ఆ లోటు నాది, ఆమెది కాదు.

కర్నూలులో ఉన్నన్నాళ్ళూ ఆమె లెక్కల నోటుపుస్తకంలో చివరి రెండు పుటలు కలిపి ఒక పటం గీసింది. ఆ జాతి పుస్తకాల్లో చాలావాటి మొదట్లో ఒక పటం ఉంటుంది. పాఠకుడు మధ్యమధ్యలో వెనక్కి తిప్పి, మన వాళ్ళు ఎంతవరకు వచ్చారని చూసుకుంటాడు. ఆమె పటంలో రాజ్యం పేరు ఏదో కల్పితం గాని, రెండు నదులు కలిసే చోట రాజధాని ఉంది, అది హంద్రీ తుంగభద్రలో కలిసే చోటే. కొండారెడ్డి బురుజు అందులో చెరసాల. బురుజు కింద నుంచి నది అడుగుగా గద్వాల దాకా సొరంగం ఉందని మా చిన్నప్పుడు అందరూ అనేవారు. నేనది చెప్పగానే చుక్కల గీతతో సొరంగం కూడా పడింది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు పాతాళలోకం. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహల్లో అన్నిటికంటే లోతైన చోటును నిజంగానే పాతాళగంగ అంటారు కాబట్టి అక్కడ ఆమెకు పేరు వెతుక్కునే శ్రమ తప్పింది.

పటంలో ఒక మూల మాత్రం ఖాళీగా ఉంటే, అక్కడ రాతలకొండ అని పెట్టమని నేనే చెప్పాను. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఎర్రగుడి దగ్గర బండరాళ్ళ మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. చిన్నతనంలో మేము అవి చూసినప్పుడు నిధి గుర్తులని మాలో పెద్దవాడొకడు ఖాయం చేశాడు. ఏ భాషో, ఏ లిపో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. అంతకన్నా మాయ ఇంకేం కావాలి? డిగ్రీలో బ్రాహ్మీ లిపి గురించి చదివిన తరువాతే తెలిసింది, అక్కడ ఒక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు ఉన్నాయని. చేను చివర మడక తిప్పుకొని ఎద్దులు వెనక్కి దున్నుకుంటూ వచ్చినట్లు రాత నడుస్తుంది. ఇక అందులోని సంగతి: తల్లిదండ్రుల మాట వినాలి, పెద్దలను గౌరవించాలి, ప్రాణుల పట్ల దయ చూపాలి, సత్యం చెప్పాలి. ఇది విని మా మేనకోడలు, "ఇంతేనా?" అని నిరాశపడి, కొంచెం సేపటికి, "సత్యం చెప్పాలన్నది పిల్లోళ్ళకా, పెద్దోళ్ళకా?" అని అడిగింది. శాసనంలో ఆ వివరం లేదన్నాను.

నేను ఈ జాతి పుస్తకాలన్నిటినీ నెత్తిన పెట్టుకోవడం లేదు. వీటిలో చాలావాటికి ఉన్న పెద్ద జబ్బు, పెద్దల మౌనానికి కారణం లేకపోవడం. వృద్ధుడు చెప్పడు, ఎందుకు చెప్పడంటే చెబితే కథ రెండో సంపుటంలోనే అయిపోతుంది కాబట్టి. ప్రేమవల్లనో, సిగ్గువల్లనో, భయంవల్లనో దాచినవాణ్ణి పాఠకుడు క్షమిస్తాడు. రచయిత సౌకర్యం కోసం దాచినవాణ్ణి పద్నాలుగేళ్ళ పాఠకురాలు కూడా పట్టేస్తుంది. రెండో జబ్బు పుట్టుక. మామూలు పిల్లవాడని మూడు సంపుటాలు చదివించి, చివరికి అతడు రహస్యంగా రాజవంశీకుడే అని తేల్చడం నాకు గిట్టదు. 1951లో వచ్చిన పాతాళభైరవిలో తోటరాముడు ఆఖరి దాకా తోటమాలి కొడుకే. ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డిగారు తాడిపత్రి మనిషి కావడం వల్ల ఈ మాట అంటున్నానని కొందరు అనవచ్చు, అననివ్వండి.

మా ప్రాంతంలో ఎంపికైనవాడు అన్న భావానికి మరో రూపం ఉంది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లోకి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, చెట్ల కింద వండుకు తింటూ, తలలు వంచుకొని వజ్రాల కోసం వెతుకుతారు. ఎవరికో ఒకరికి దొరుకుతుంది. దొరకనివాళ్ళ కథ ఎవరూ రాయరు. మంచి సాహసగాథల్లో నాయకుడి పక్కన నడిచే స్నేహితులుంటారే, ఏ భవిష్యవాణిలోనూ పేరు లేనివాళ్ళు, తిండిమూట మోసేవాళ్ళు, వాళ్ళు నాకు ఆ చేలల్లో కనిపిస్తారు. టోల్కీన్ గాథలో ఉంగరం కంటే సామ్ అనే ఆ తోటమాలి ముఖ్యమని నేను మేనకోడలితో వాదించి గెలిచాను. తోటమాలులంటే నాకు పక్షపాతం ఉన్నట్లుంది.

అయ్యవారు పోయిన తరువాత ఆయన కొడుకులు ఆ కుట్టిన సీరియళ్ళను నాకే ఇచ్చారు. వాటిని కర్నూలుకు తెచ్చుకొని, కింది అంతస్తులోని మా అద్దె ఇంట్లో చెక్క బీరువా అడుగు అరలో పెట్టుకున్నాను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నగరంలోకి వచ్చాయి. మేము మిద్దె మీద రెండు రాత్రులు గడిపాము. నీళ్ళు తీసిన తరువాత బీరువా తలుపు తెరిస్తే పుస్తకాలు లేవు, అరల నిండా బురద ముద్ద ఉంది; పురికొస మాత్రం కుళ్ళలేదు. ఆ తరువాత కొన్నేళ్ళకు పాత చందమామలు ఫోటోలుగా కంప్యూటర్లలోకి వచ్చాయి. నేను వెతుక్కున్న ఆ నెల కూడా ఇప్పుడు నా ఫోనులో ఉంది. తెరవలేదు. ఈ వేసవిలో మా మేనకోడలు తెరిచి చదివేసింది. ఏముందని అడిగితే, "నువ్వే చదువుకో మామా, నేను చెప్పను," అన్నది.

మే నెల చివర ఆమెను అక్క దగ్గరికి పంపే ముందు ఇద్దరం పల్లెకు వెళ్ళాము. మా నాయనకు ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్ళు. వేపచెట్టు కింద మంచం మీద కూర్చొని ఉన్నాడు. ఆ ఎనభై ఏడు నాటి బోరు గురించి నేను ఆమెకు బస్సులో చెప్పాను. చెప్పకూడదని అనుకోలేదు, చెప్పాలనీ అనుకోలేదు, దారిలో ఎండిపోయిన బోర్ల పైపులు కనిపిస్తుంటే మాట వచ్చింది. ఆమె మంచం పట్టె మీద కూర్చొని, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా, "తాతా, నువ్వు మొత్తం ఎన్ని బోర్లు వేయించినావు?" అని అడిగింది. ముప్పై ఏడేళ్ళకు పైగా మాలో ఎవరమూ ఆ ప్రశ్న అడగలేదు.

"మీ మామను అడుగు. మూడంటాడు," అన్నాడు మా నాయన.

"మూడేనా?"

"అయిదు."

నేను కూర్చున్నవాణ్ణి లేచాను. ఆయన నావైపు చూడలేదు. ఆ రెండూ కౌలు చేనులో వేయించాడట, నేను, అక్క ఆలూరులో మేనత్త ఇంట్లో ఉన్న సెలవుల్లో. ఒకటి నూట డెబ్బై అడుగులు, ఒకటి రెండు వందల పది. రెండింట్లోనూ దుమ్ము తప్ప ఏమీ రాలేదు. గొలుసు పోయింది మేము చూసిన బోరుకు కాదు, ఈ రెండో దానికి. అమ్మకు కూడా గొలుసు ఎందుకు పోయిందో తెలుసు గాని ఎక్కడ పోయిందో తెలియదు. మా చేనులో ఆఖరున వేసిన దానికి మటుకు నూట తొంభై అడుగుల దగ్గర రెండంగుళాల నీళ్ళు పడినాయి, మూడేండ్లు పారినాయి.

"మరి మామకు ఎందుకు చెప్పలేదు తాతా?"

"చెప్తే సదువు మానేస్తాననేవాడు. ముందే ఆ మాట మీదుండె." ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకొని, ఏ బోరుకు పాయింటు ఎవరు చూపించారో, ఎవరు కొబ్బరికాయతో చూశారో, ఎవరు వేపపుల్లతో చూశారో, ఏ రిగ్గుకు ఎంత ఇచ్చాడో, మండీ ప్రోనోటు ఏ ఏడు తీరిందో, వేళ్ళు మడుస్తూ చెప్పుకుంటూ పోయాడు. అమ్మ వాకిట్లోకి వచ్చి స్తంభానికి ఆనుకొని నిలబడి విన్నది. పొయ్యి మీద అన్నం మాడు వాసన వచ్చేదాకా ఎవరూ కదలలేదు.

తిరుగు బస్సులో మేనకోడలు లెక్కల నోటుపుస్తకం తీసి, పటంలో రాతలకొండకు కొంచెం కింద, అయిదు చుక్కలు పెట్టింది. ఒక్కొక్క చుక్క పక్కన అడుగుల లెక్క రాసింది. రెండింటి లెక్క తాతను అడగడం మరిచిపోయిందట, నాకు గుర్తుందా అన్నది. నాకు గుర్తున్నది ఆ రాత్రి బోరు ఒక్కటే. నూట ముప్పై అని చెప్పాను. మరొకదాని పక్కన ఖాళీ వదిలింది. నాలుగు చుక్కలు నల్లసిరాతో ఉన్నాయి. అయిదో దానికి నీలిసిరా కలం నా జేబులోంచి తీసుకుంది.